మరగ కాచవద్దు

మెదక్,
2 మే 1948

తమ్ముడు అమరేందర్‌కు,

నీ అక్క సౌభాగ్యమ్మ దీవెనలు. ఇక్కడ అందరం ఉన్నాము. క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి క్షేమమనే అనుకో.

నువ్వు బెజవాడ చేరి ఏడాది కావస్తోంది. కాలేజీలో పిల్లలకు రసాయనాలు కలిపి చూపించే ఉద్యోగం బాగుందని దసరాకు రాశావు. ఆ కార్డు చదివి మీ బావ ఎంత నవ్వారో. "కృష్ణ నీళ్లు తాగంగనే మనోడు ఆంధ్ర పంతులు లెక్క రాస్తుండు" అన్నారు. నిజంగానే నీ మాటలు సగం నాకు కొత్తగా ఉన్నాయి. వచ్చేటప్పటికి నీతో మాట్లాడడానికి దుబాసీని పెట్టుకోవాలేమో.

అసలు సంగతికి వస్తాను. మన ఫోటో స్టూడియోలో కడగని గాజు ప్లేటు ఒకే ఒక్కటి మిగిలింది. దాని మీద మీ బావ ఉన్నారు. నేనే తీశాను. ఊరందరి మొహాలూ తీసే మనిషికి తన మొహం ఉన్న కాగితం ముక్క ఒక్కటీ లేదని నేను పోరగా పోరగా ఒకనాడు కుర్చీలో కూర్చున్నారు. "దండుగ చేస్తున్నవ్, ప్లేట్లు దొరకని రోజులల్ల" అని గొణుగుతూనే కూర్చున్నారు. ఆ బొమ్మ ఇప్పుడు నాకు కావాలి. నలుగురికి చూపించాల్సి ఉంది.

ప్లేటు కడగడం నాకు వచ్చు, ఆయన పక్కన నిలబడి ఎన్నో కడిగాను. చిక్కల్లా ఎండలతో వచ్చింది. పొద్దున తోడిన బావి నీళ్లు కూడా వెచ్చగానే ఉంటున్నాయి. ఈ నీళ్లలో పెడితే ప్లేటు మీది పూత మీగడలా జారిపోతుంది. అందుకని మీ బావ ఎండాకాలంలో ప్లేటును ముందు వంకాయరంగు పటిక నీళ్లలో ముంచేవారు. అది పూతను బిగిస్తుంది. ఇండియన్ యూనియన్ నుంచి సరుకు ఆగినప్పటి నుంచి ఆ పటిక ఎక్కడా లేదు. పాత సీసా అడుగున మట్టీ తుప్పూ కలిసిన ముద్ద మాత్రం ఉంది. దాన్ని మళ్లీ మంచి పటికగా చేసుకోవచ్చని మీ బావ ఒకసారి అన్నట్టు గుర్తు. ఎలాగో వివరంగా రాయి.

బావనే అడగవచ్చు కదా అంటావు. ఆయన ఊళ్లో లేరు. పోయిన నెలలో పోయారు. తొందరలో చెప్పులు కూడా వేసుకోలేదు, పెరటి దారినే పోయారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు, అడిగే వీలు నాకూ లేకపోయింది. మా అత్తయ్య రోజంతా గడపలో కూర్చుంటోంది.

ఉత్తరం అందగానే జవాబు రాయి. ఆలస్యం చేయకు.

అక్క


బెజవాడ,
11 మే 1948

అక్కా,

నీ కవరు అంచుకు అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. మెదక్ తపాలా ఆఫీసులో గోందుకు కూడా కరువొచ్చిందా, లేక నువ్వే అన్నం తింటూ అంటించావా?

బావ సంగతి అర్థమైంది. ఇంతకీ ఏమన్నావు ఆయన్ని? అంత మెత్తటి మనిషి చెప్పులు కూడా వేసుకోకుండా, అదీ దొడ్డిదారిన పోయాడంటే నీ నోరు ఎంత పెద్దగా లేచిందో నేను ఊహించగలను. చిన్నప్పుడు ఆ నోటికి జడిసి నేను ఖిల్లా మీదికి పారిపోయిన రోజులు ఉన్నాయి. ఏ నిజాంపేటలోనో మేనత్త ఇంట్లో కూర్చుని జొన్నరొట్టె తింటూ ఉంటాడు. నాలుగు రోజులు పోనీ, తనే వస్తాడు. వచ్చాక ఒక మెట్టు దిగు. అంతేగానీ బొమ్మ పట్టుకుని నలుగురికీ చూపిస్తూ ఊరంతా చాటింపు వేయకు. అలిగిన మగవాడికి అంతకంటే తలవంపులు ఉండవు.

నీకు పటిక మీద మనసు పోవడం మాత్రం నాకు పండగలా ఉంది. దాన్ని మేము ద్వంద్వ లవణం అంటాము. రెండు వేరువేరు ఉప్పులు నీళ్లలో కలిసి, ఒక లెక్క ప్రకారం ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే పలుకుగా పెరుగుతాయి. ఒకటి తెల్లది, రెండోది క్రోమియం అనే లోహానిది. ఆ వంకాయరంగు ఆ లోహానిదే. బాగా పెరిగిన పలుకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు, నేరేడు పండు రసం గట్టిపడినట్టు ఉంటుంది. దానికి ఎనిమిది ముఖాలు ఉంటాయి, ఒక్కొక్కటీ అద్దమంత నునుపు.

చేసే పద్ధతి ఇది. ముద్దను నలగ్గొట్టి నీళ్లలో కరిగించు. నీళ్లు మరగ కాచవద్దు. గోరువెచ్చగా ఉంటే చాలు. కరిగినంత కరిగాక పాత పంచెను నాలుగు మడతలు వేసి వడకట్టు. ఆ నీళ్లను గాజుసీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, మంచినీళ్ల రంజను పక్కన తడి ఇసుకలో కదలకుండా పెట్టు. కొన్నాళ్లకు అడుగున చిన్న పలుకులు వస్తాయి. వాటిలో అంచులు చక్కగా ఉన్నదాన్ని ఏరి, పొడుగాటి వెంట్రుకకు ముడివేసి, అదే నీళ్లలో నడిమికి వేలాడదీయి. మేము దాన్ని విత్తు అంటాము. తక్కినదంతా వచ్చి దాని మీదే చేరుతుంది, మురికి నీళ్లలోనే ఉండిపోతుంది. త్వరపడితే మురికి కూడా లోపల ఇరుక్కుంటుంది. నెమ్మదిగా పెరిగిందే స్వచ్ఛమైనది.

నీ జడ ఇంకా మోకాళ్ల దాకా ఉందా? అయితే వెంట్రుకకు కొదవలేదు.

అమరేందర్


మెదక్,
27 మే 1948

తమ్ముడూ,

పటిక రాలేదు. నువ్వు చెప్పినట్టే చేశాను. ముద్ద నలగ్గొట్టాను, వడకట్టాను, మా రంజను పక్కనే ఇసుకలో పెట్టాను. నీళ్లు పొయ్యి మీద ఉండగానే వంకాయరంగు పోయి ఆకుపచ్చగా మారాయి, గోరింటాకు నూరిన నీళ్లలాగా. చల్లారితే మళ్లీ పాత రంగు వస్తుందనుకున్నాను. రాలేదు. రోజూ వంగి చూస్తున్నాను. అడుగున ఒక్క పలుకు లేదు, జిగురులా ఏదో అంచుకు పట్టుకుంది.

రెండోసారి కాచవద్దన్నావు, దింపాక గోరువెచ్చగా ఉన్నా చాలన్నావు కదా, అందుకని ఉన్న ఒక్క అవకాశం చెడకూడదని మొదటిసారే బాగా మసలబెట్టాను. మూడు పొంగులు వచ్చేదాకా దింపలేదు. ఇంకా ఎక్కువ కాచాల్సిందా?

సీసా మూతికి అడ్డంగా పుల్ల పెట్టి, విత్తు వస్తే కట్టడానికి నా వెంట్రుకను ముందే వేలాడదీశాను. అత్తయ్య చూసింది. "గిదేంది బిడ్డా, పచ్చనీళ్లల్ల ఎంటికె వెట్టినవ్? ఎవ్వలన్న జూస్తె మంత్రాలంటరు" అని హడలిపోయి, తన వంతుగా మామూలు తెల్ల పటిక ముక్క ఒకటి తెచ్చి దిష్టి తీసి గుమ్మానికి కట్టింది. పటిక చేయడానికి పటికతోనే దిష్టి తీయడం నీ పుస్తకాల్లో ఉందా?

పక్కింటి హమీద్ వచ్చి సీసా చూసిపోయాడు. మీ బావ కెమెరాకు పెట్టెలు చేసే వడ్రంగి, నీకు తెలుసు. ఆయన భార్య హలీమా రోజూ ఒక పూట వచ్చి నా దగ్గర కూర్చుంటుంది. ఏమీ అడగదు.

మా మధ్య పోట్లాట ఏమీ జరగలేదు అమరేందర్. ఎనిమిది ముఖాలు ఉంటాయని రాశావు. నాకు ఒక్క మొహం చాలు. అది త్వరగా కావాలి. కొంచెం ఆలోచించి చదువు, ఆలోచించి రాయి.

అక్క


బెజవాడ,
6 జూన్ 1948

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివితే గానీ బుర్రకు ఎక్కలేదు. ఎక్కాక నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. నేను రాసింది "మరగ కాచవద్దు" అని. నువ్వు చదివింది "మరల కాచవద్దు" అని. నా గకారం లకారంలా ఉంటుందని హెడ్మాస్టరు చిన్నప్పుడే చెవి మెలిపెట్టాడు. మన ఇంట్లో నీళ్లు మసులుతాయి, మరగవు. ఇక్కడ అందరూ మరగడం అంటే నా చేతికీ అదే వచ్చేసింది. బావ వెక్కిరించింది నిజమే.

ఆ పటికకు పొయ్యి వేడి పనికిరాదు. అంత వేడి తగిలితే రెండు ఉప్పులూ ఒకదాన్నొకటి పట్టుకునే తీరు మారిపోతుంది. అందుకే పచ్చబడింది. అలాంటి నీళ్లు పలుకూ కట్టవు, ప్లేటు పూతనూ బిగించవు. మళ్లీ చేయడానికి నీ దగ్గర ముద్ద లేదు. అయితే చెడిపోలేదు. చల్లటి చోట వదిలేస్తే తనంతట తనే పాత తీరుకు వస్తుంది. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. త్వరపెట్టే మందు లేదు.

ఇక్కడ బజారులో ఆ పటిక దొరుకుతుంది. ఒక పొట్లం పంపుదామని అనిపించింది కూడా. కానీ సరిహద్దు నాకాల దగ్గర మనుషుల ఒళ్లంతా తడుముతున్నారట. ఒక ముచ్చట కోసం ఎవరినో దెబ్బలపాలు చేయడం ఎందుకని మానుకున్నాను. వానలు పడనీ, చలి రానీ. పటికైనా, అలిగిన మొగుడైనా కదిలించకుండా వదిలేస్తే వాళ్లే దారికి వస్తారు. పోట్లాట లేదన్నావు, నమ్మాననే అనుకో.

ఈసారి నీ కవరు రెండు అంచులూ చింపి అంటించి ఉన్నాయి. కొత్త కవరు కొనుక్కో.

అమరేందర్


మెదక్,
4 జూలై 1948

అమరేందర్,

ఈ ఉత్తరం తపాలాలో వేయడం లేదు. బండి తోలే ఐలయ్య తన కూతురిని సరిహద్దు అవతల దింపడానికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. అందుకే ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయగలుగుతున్నాను.

మీ బావ అలిగి పోలేదు. కుల్చారం దగ్గర రజాకార్లు ఒక గూడెం తగలబెడితే పోయి ఫోటోలు తీశారు. అవి ఎలాగో యూనియన్ పత్రికకు చేరాయి. ఏప్రిల్‌లో ఒక పొద్దున రజాకార్లు, పోలీసులు కలిసి వీధి తలుపు కొట్టారు. ఆయన పెరటి గోడ దూకి పోయారు. అందుకే చెప్పులు లేవు. స్టూడియోలో ఉన్న ప్లేట్లన్నీ వాకిట్లో పోసి బూట్లతో తొక్కారు. ఊరి పెళ్లిళ్లు, పసిపిల్లలు, పోయిన ముసలివాళ్లు, అన్నీ గాజుపెంకులయ్యాయి. ఆ ఒక్క ప్లేటు చెక్క చట్రంలో ఉండి బియ్యం గుమ్మిలో దాగింది. నీ కవర్లు చింపి అంటించేది వాళ్లే.

ఆయన అడవిలో ఉన్నారో, దొరికిపోయారో, నీ వైపు దాటారో తెలియదు. నర్సాపూర్ అడవి అంచున కొందరిని పట్టి లారీలో తీసుకుపోయారని విన్నాము. పేరు పెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. అసలు ఆయన తన పేరు చెప్పి ఉంటారని నేను అనుకోను. చెబితే పోలీసులు ఈ ఇంటికి మళ్లీ వస్తారని ఆయనకు తెలుసు. పేరు మార్చుకోవచ్చు, మొహం మార్చుకోలేరు కదా. ఆ బొమ్మ ఉంటే ఒక కాపీ హమీద్ జైలు వాకిలి దాకా తీసుకుపోతానన్నాడు. ఆయన తురకవాడు కాబట్టి వాకిట్లో నిలబడనిస్తారు. "ఫొటో చేతిల వెట్టు భాబీ, అడిగే పూచి నాది" అన్నాడు.

నాకు పటిక ముచ్చట కాదు తమ్ముడూ. నువ్వు వేళాకోళం చేసిన ప్రతిసారీ నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఉత్తరం చించేవాళ్లకు తెలియకూడదని రాసిన మాట నీకూ తెలియకుండా పోయింది. ఎవరిని అనాలి?

ఐలయ్య చేతికి ఆ పొట్లం ఇచ్చి పంపు.

అక్క


బెజవాడ,
19 జూలై 1948

అక్కా,

ఐలయ్య ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నేను రాసిన రాతలన్నీ గుర్తొస్తున్నాయి, వాటి గురించి ఇప్పుడు రాయను.

పటిక పొట్లం ఐలయ్య నడుముకు కట్టాను. అక్కడి నుంచి దాటి వచ్చినవాళ్ల కోసం ఇక్కడ పెట్టిన శిబిరాలన్నీ ఈ మూడు రోజుల్లో తిరిగాను. బావ మొహం నాకు తెలుసు కాబట్టి బొమ్మ అక్కర్లేదు. ఏ శిబిరంలోనూ లేడు. హైదరాబాదులో నాతో చదివిన వకీలు ఒకడున్నాడు, జైళ్లలో రాకపోకలు ఉన్నాయి. వాడికి మనిషి ద్వారా కబురు పెట్టాను, వెంకట్రాములు, మెదక్, ఫోటోలు తీసే మనిషి అని.

ఈసారి మరగ కాచనవసరమే లేదు. పొట్లం విప్పి చన్నీళ్లలో వేయి, కరుగుతుంది.

అమరేందర్


మెదక్,
24 ఆగస్టు 1948

తమ్ముడూ,

దీన్ని కూడా మనిషి చేతికే ఇస్తున్నాను. ఐలయ్య వచ్చాడు, తలపాగాలో దాచిన నీ ఉత్తరం చేరింది, పొట్లం రాలేదు. సరిహద్దు నాకా దగ్గర ఒళ్లు తడిమి పొట్లం పట్టుకున్నారట. ఇదేమిటని అడిగితే "మందు సాబ్" అన్నాడట. నిజం చెప్పాడు పాపం. మీ బావ నోట మందు అనే కదా ఎప్పుడూ విన్నాడు. ఫోటో మందు అనాలని తోచేలోపు వాళ్లు తుపాకి మందు అనుకున్నారు. కాలువలో పారబోసి ఇతన్ని చితకబాదారు. నెల రోజులు దారిలో ఎవరింట్లోనో పడి ఉండి, కర్ర పట్టుకుని వచ్చాడు. నా ఎదుట నిలబడి పొట్లం పోయిందని ఏడిస్తే నేనే అతన్ని ఊరుకోబెట్టాను.

పచ్చనీళ్ల సీసా ఇప్పుడు నా దగ్గర లేదు. మళ్లీ సోదా అని వినబడితే హమీద్ తన ఇంటి వెనక చీకటి కొట్టులో పెట్టాడు. ఆ కొట్టు చల్లగా ఉంటుంది. వానలు పడుతున్నాయి, నీళ్లు కొంత చల్లబడ్డాయి. పటిక లేకుండానే ప్లేటు కడగనా అని రోజూ అనుకుంటాను. చేయి ముందుకు రాదు. అది జారిపోతే మళ్లీ తీయడానికి ఆయన కూర్చోరు.

అక్క


బెజవాడ,
5 సెప్టెంబరు 1948

అక్కా,

ఇది నువ్వు పంపిన మనిషి చేతికే ఇస్తున్నాను. ప్లేటు కడగకు. ఇంకొంచెం చలి పడనీ, ఒక్క ప్లేటుతో పందెం వద్దు.

నీకు మంచి కబురు. వకీలు దగ్గరి నుంచి జవాబు వచ్చింది. హైదరాబాదులోనూ చుట్టుపక్కలా ఏ జైలులోనూ మెదక్ వెంకట్రాములు అనే పేరు లేదు. చచ్చిపోయినవాళ్లలోనూ లేదు. అంటే దొరకలేదన్నమాట. అడవిలో ఉన్నాడు. ధైర్యంగా ఉండు. పేరు మార్చుకుంటాడన్నావు గానీ, బావకు అబద్ధమాడడం రాదు, నాకు తెలుసు. అత్తయ్యగారికి ఈ మాట చదివి వినిపించు.

అమరేందర్


మెదక్,
21 నవంబరు 1948

తమ్ముడు అమరేందర్‌కు,

ఇప్పుడు తపాలాలో ఏదైనా రాయవచ్చునట. రాయడానికి ఏముందో చూస్తాను.

సెప్టెంబరులో యూనియన్ మిలిటరీ వచ్చింది. లారీలు చర్చి పక్కనుంచి పోతుంటే జనం పూలు చల్లారు. అత్తయ్య కూడా పోయి నిలబడింది, లారీల్లో కొడుకు ఉంటాడేమోనని. జైళ్లు తెరిచాక ఊరికి ఒక్కొక్కరే వస్తున్నారు. ప్రతి ఒక్కరి దగ్గరికీ పోయి అడిగాను. వెంకట్రాములును చూడలేదన్నారు. అడవిలో ఉన్నాడన్న నీ మాట పట్టుకుని ఇన్నాళ్లు గడిపాను. అడవిలో ఉన్నవాళ్లలోనూ కొందరు వచ్చారు.

మిలిటరీ వచ్చిన వారంలో బయటి ఊళ్ల నుంచి కొందరు కట్టెలు పట్టుకుని మన వీధికి వచ్చారు. హమీద్ రజాకారు కాదని ఐలయ్య కర్ర మీద నిలబడి అరిచాడు. నేనూ చెప్పాను. వాళ్లకు పేరు ఒక్కటే కావలసి వచ్చింది. ఏరు వైపు తీసుకుపోయారు. ఇప్పటికీ రాలేదు. మన వీధిలో ఎవరూ ఆ మాట ఎత్తరు, నేను ఎత్తితే మా అత్తయ్య కూడా తల తిప్పుకుంటుంది. హలీమా ఆ ఇంట్లో తలుపు వేసుకుని ఒక్కతే ఉంది. ఇప్పుడు రోజూ ఒక పూట నేను పోయి కూర్చుంటున్నాను.

పోయిన వారం ఆమె చీకటి కొట్టులోంచి సీసా తెచ్చి ఇచ్చింది. "అక్కా, నీదేదో రంగు మారింది" అంది. నిజంగానే నీళ్లు వంకాయరంగుకు తిరిగాయి. నా వెంట్రుక ఇంకా వేలాడుతూనే ఉంది, దాని కొసకు ఒక పలుకు పట్టుకుంది. విత్తు నేను కట్టలేదు, దానంతట అదే కట్టుకుంది. రేగుపండంత ఉంది. వెలుతురుకు పట్టి చూశాను. నువ్వు చెప్పినంత అందంగానే ఉంది. ఆ ఇంట్లో అలాంటి రోజులు గడుస్తుంటే అది అంత చక్కగా ఎలా పెరిగిందో, నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండింది.

చలి వచ్చింది కాబట్టి ఇప్పుడు పటిక అవసరం లేదు. నాకు తెలుసు. అయినా దాన్నే నలగ్గొట్టి కరిగించి, ప్లేటును ముంచి, ఆ తర్వాతే కడిగాను. బొమ్మ వచ్చింది. వేసవి వేడికి ప్లేటంతా పొగ కమ్మినట్టు మసక పట్టింది గానీ మొహం తెలుస్తోంది. గొణుగుతూ ఉన్నప్పటి మొహమే. ఒక కాపీ దీనితో పంపుతున్నాను. హైదరాబాదు పోయి చూపించు. పేరు చెప్పకు, మొహం చూపించు.

అక్క


హైదరాబాదు,
12 డిసెంబరు 1948

అక్కా,

ఇది నేను వచ్చి నోటితో చెప్పాలి. రాలేక రాస్తున్నాను. ఇంకొకరి నోట నీకు తెలియకూడదని రాస్తున్నాను.

బొమ్మ పట్టుకుని ఇక్కడి జైళ్లు తిరిగాను. ఒకచోట గుమాస్తాలు తల అడ్డంగా ఊపారు. వాకిట్లో ఖైదీలకు క్షౌరం చేసే ముసలాయన కూర్చుని ఉన్నాడు. బొమ్మ ఆయన చేతికి ఇచ్చాను. చూడగానే "గాలయ్య" అన్నాడు. కాదన్నాను. "పేరు నాకెందుకయ్యా, గడ్డం గీసినోన్ని, మొహం యాదుంటది. ఎడమ దవడ మీద మచ్చ ఉంటది, కత్తి తగలకుంట జూస్కొమ్మని నవ్వేటోడు" అన్నాడు. బొమ్మలో మచ్చ కనిపించదు. ఉందని నీకూ నాకూ తెలుసు.

నర్సాపూర్ దగ్గర పట్టుకున్న వాళ్లలో వచ్చాడట. గాలయ్య, కూలి, ఊరు లేదు అని చెప్పాడట. ఊరు చెప్పమని కొట్టారట, చెప్పలేదట. వానల్లో రక్త విరేచనాలు పట్టుకున్నాయి. శ్రావణం మొదట్లో పోయాడు. అడిగేవాళ్లు ఎవరూ లేరని వాళ్లే మట్టి చేశారు. జూన్ నెలంతా బాగానే ఉన్నాడని, మిగతావాళ్లకు ఫోటో తీయడం ఎలాగో చెబుతూ ఉండేవాడని ఆ ముసలాయన అన్నాడు. మా వకీలు పేరు పట్టుకుని అదే వాకిట్లో నిలబడి, లేడని విని, వెనక్కి వచ్చాడు.

జూన్‌లోనే నేను ఆ పొట్లం పంపి ఉంటే. ఒక్క అక్షరం సరిగ్గా రాసి ఉంటే. ఇంతకంటే ఏమీ రాయలేను.

అమరేందర్


మెదక్,
2 జనవరి 1949

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆ అక్షరం గురించి ఇంక రాయకు. నువ్వు సరిగ్గా రాసినా, బొమ్మ వచ్చినా, హమీద్ పోయి చూపించినా, వాళ్లు వదిలేవాళ్లని ఎవరు చెప్పారు? అలా అనుకుంటే నాకు కొంచెం నిద్ర పడుతుంది. తెల్లవారి లేస్తే అది అబద్ధమని తెలుస్తుంది. నీ మీద కోపం ఉంది, కాచిన నా చేతుల మీద కోపం ఉంది, ఊరు లేదని చెప్పినందుకు ఆయన మీద అన్నిటికంటే ఎక్కువ ఉంది. కొన్నాళ్లు ఇలాగే ఉండనీ.

అత్తయ్యకు చదివి వినిపించాను. అంతా విని, "ఎవలో గాలయ్యనట, సచ్చిపోయిండట, పాపం. నా కొడుకు పేరు వెంకట్రాములు" అంది. బొమ్మ చూపిస్తే చూడలేదు. కర్మకాండలు ఒప్పుకోలేదు. పొద్దున్నే లేచి గడపలో కూర్చుంది, ఇప్పుడు కూడా అక్కడే ఉంది. నా గాజుల జోలికి వస్తే ఊరుకోనంటోంది. నేను ఉంచుకున్నాను.

స్టూడియో తెరిచాను. తిండికి మరో దారి లేదు. ఇవాళ హలీమా వచ్చింది. ఇన్ని నెలల్లో గడప దాటడం ఇదే మొదలు. హమీద్ మొహం ఎక్కడైనా ఉందా అని అడిగింది. వాకిట్లో ఊడ్చిన గాజుపెంకులు ఇంకా గంపలో ఉన్నాయి, పారేయలేదు. ఇద్దరం కూర్చుని వెతికాము. కెమెరా పెట్టె చేసి ఇచ్చిన రోజున పెట్టె పక్కన నిలబెట్టి మీ బావ తీసిన ప్లేటు అందులో ఉంది. మూడు ముక్కలైంది గానీ మొహం ఉన్న ముక్క పగల్లేదు. దాన్ని అచ్చు వేశాను.

"నీ ఫొటోతోని నీ మనిషి జాడ దొర్కిందట గదక్కా. నేను గూడ పట్కపోయి చూపిస్త. దొర్కుతడా?" అని అడిగింది. ఏమి దొరికిందో ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను చెప్పలేకపోయాను. కాగితం తడిగా ఉంది, ఆరేదాకా కూర్చోమన్నాను.

ముందు గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. కొంగుకు రెండు రొట్టెలు కట్టుకుని వచ్చింది, ఇటునుంచి ఇటే బయలుదేరుతుందట. నేను లోపల ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆరిందా అని రెండుసార్లు అడిగింది. ఇంకా తడిగానే ఉందని చెప్పాను. ఎప్పుడో ఆరిపోయింది.

అక్క